తొమ్మిదో నంబరు డబ్బా

నిజామాబాద్,
3 నవంబరు 1965

చింతకుంట శాఖ చూసుకుంటున్న షేక్ అయ్యూబ్ గారికి,

మూడు పిట్టల బీడీ కార్ఖానా గోదాము మేనేజరు రాజేశ్వర్ నమస్కరించి రాస్తున్నది. నేను ఈ పనిలో చేరి నెల రోజులైంది. అంతకు ముందు మూడు నెలలు బొంబాయిలో సరుకు నిల్వల మీద తరిఫీదు పొందాను. వచ్చి గోదాము తెరిచి చూస్తే, బీడీలకు కట్టే పచ్చ దారం పైకప్పు దాకా పేర్చి ఉంది. అందులో సగం ఎలుకలు కొట్టేశాయి. సరిగ్గా అదే రోజు ఏర్గట్ల శాఖ నుంచి, దారం లేక పని ఆగిందని మనిషి వచ్చి కూర్చున్నాడు.

విచారిస్తే అసలు సంగతి తేలింది. యాభై ఉండలు కావలసిన శాఖ వంద అడుగుతుంది, మేము సగం కోస్తామని దానికి తెలుసు కనుక. అది రెట్టింపు అడుగుతుందని మాకు తెలుసు కనుక మేము సగం కోస్తాం. ఈ దొంగాటలో నిజంగా ఎవరికి ఎంత కావాలో ఎవరికీ తెలియకుండా పోయింది.

ఇకమీదట అడగడాలూ లేవు, కోయడాలూ లేవు. గిరాకీ ఎటు లాగితే సరుకు అటు కదలాలి, అంతే. మీకు రెండు పచ్చ రేకు డబ్బాలు పంపుతున్నాను. రెండింటి మీదా తొమ్మిది అంకె వేయించాను, అది మీ శాఖ నంబరు. ఒక్కో డబ్బాలో అరవై దారపు ఉండలు. ఒకటి వాడుతుంటే రెండోది నిల్వలో ఉంటుంది. మొదటిది ఖాళీ కాగానే మూత పెట్టి బస్సు మీద వేయండి. ఖాళీ డబ్బాయే మీ అర్జీ. మర్నాడు నిండి వస్తుంది. ఉత్తరం రాయనక్కరలేదు.

నియమాలు ఏడు, వేరే కాగితం మీద ఉన్నాయి. వాటిలో రెండు గుర్తుంచుకోండి. నాలుగోది: డబ్బాలో ఏ కొంచెం ఉన్నా అది ఖాళీ డబ్బా కాదు, దారం వేయకుండా తిప్పి పంపబడుతుంది. ఆరోది: శాఖలు బయట దారం కొనరాదు.

ఇట్లు,
రాజేశ్వర్

తా.క. సేటు గారి మాటగా ఒకటి. మూడు నెలల పాటు డబ్బా నింపించుకోని శాఖలో పని జరగడం లేదని లెక్క. ఆ శాఖను మూసి ఆకూ తంబాకూ పక్క ఊరికి ఇస్తారు. మీకు ఆ భయం అక్కరలేదు.

తా.క. రెండు: డబ్బాల రంగు ఇంకా ఆరలేదు. చేతికంటితే కిరసనాయిలుతో పోతుంది.

*

చింతకుంట,
13 నవంబరు 1965

మేనేజరు రాజేశ్వర్ సాబ్‌కు చింతకుంట నుంచి అయ్యూబ్ సలాములు. ఇక్కడ అందరం ఖైరియత్. చేతులు మాత్రం పచ్చగా ఉన్నాయి, కిరసనాయిలుతో పోలేదు.

ఉత్తరం రాయనక్కరలేదన్నారు. ఇరవై రెండేళ్ళుగా, మునుపటి కంపెనీకైనా మీ కార్ఖానాకైనా, ఉత్తరం లేకుండా సూది కూడా పంపని చేయి ఇది, ఊరుకోమంటే ఊరుకోదు. నా చదువు ఉర్దూ బడిలో సాగింది, తెలుగు బజార్లో అబ్బింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మీ పద్ధతి నాకు నచ్చింది. దాచుకోవడం ఎందుకు, యాభైకి వంద అడిగేవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. నాకు నేర్పినవాడు చనిపోయాడు కనుక తప్పు ఆయన మీద వేయను.

ఇక్కడ బీడీలు చుట్టే ఆడవాళ్ళు ముప్పై ఎనిమిది మంది. అందరిలో పెద్దది పెంటవ్వ. డబ్బాల చుట్టూ చేరి నియమాలు చదివి వినిపించమన్నారు. ఏడూ చదివాను. పెంటవ్వ విని, "మంచిగనే ఉన్నది సాబ్. ఆకలైతె కంచం సూపిచ్చుడు. గింతే గదా?" అన్నది. మూడు నెలల బొంబాయి చదువును ఆమె ఒక్క ముక్కలో తేల్చింది, మీరేమీ అనుకోకండి.

మొదటి డబ్బా నిన్న అయిపోయింది. ఈ సాయంత్రం బస్సుకు వేస్తున్నాను.

మీ
అయ్యూబ్

తా.క. డబ్బా పంపే ముందు మా ఇంటామె ఖాసింబీ అందులో అర్ధశేరు కొత్త బెల్లం పెట్టింది. ఇక్కడ గానుగలు ఆడుతున్నాయి. మా ఇంటికి నిండుగా వచ్చిన పాత్రను వట్టిగా తిప్పి పంపడం మాకు అలవాటు లేదు. ఇంట్లో ఇవ్వండి.

*

నిజామాబాద్,
15 నవంబరు 1965

అయ్యూబ్ గారికి నమస్కారం.

మీ డబ్బా నిన్న వచ్చింది. దానితో పాటు చీమలు కూడా వచ్చాయి. మూత తీస్తే బెల్లం ఉంది. నియమం నాలుగు ప్రకారం అది ఖాళీ డబ్బా కాదు కనుక దారం వేయలేదు. బెల్లం బీడీకి పనికివచ్చే వస్తువు కాదు కనుక దానిని తీసి, తూచి, 'ఇతర సరుకులు' పేజీలో రాసి, డబ్బాను తిప్పి పంపుతున్నాను. దయచేసి శుభ్రంగా తుడిచి మళ్ళీ వేయండి.

నాకు కోపం లేదు. మా అమ్మ కూడా పొరుగింటి గిన్నెలో ఏదో ఒకటి వేయకుండా తిప్పి ఇవ్వదు. కాని ఇల్లు వేరు, గోదాము వేరు. నాకు పన్నెండు శాఖలు ఉన్నాయి. అందరూ ఇట్లా మొదలుపెడితే నేను కిరాణా కొట్టు తెరవాలి.

ఇట్లు,
రాజేశ్వర్

తా.క. ఏ వస్తువు వచ్చినా అది ఎట్లా ఖర్చయిందో రాయాలని నేనే నియమం పెట్టాను. మా చప్రాసీ నర్సన్న బెల్లం ఎదుట 'నాణ్యత పరీక్షలో అయిపోయినది' అని రాసి సంతకం చేశాడు.

*

చింతకుంట,
16 నవంబరు 1965

రాజేశ్వర్ సాబ్‌కు అయ్యూబ్ సలాములు. మీరూ మీ గోదామూ చల్లగా ఉండాలి.

ఈ మధ్యాహ్నం బస్సులో మన తొమ్మిదో నంబరు డబ్బా వచ్చింది. అందరి ముందర మూత తీశాను. లోపల ఏమీ లేదు, ఒక చీమ తప్ప. మీ దగ్గర నుంచి ఉత్తరం కూడా లేదు. ఆడవాళ్ళు నా ముఖం చూశారు, నేను నియమాల కాగితం తీశాను. ఖాళీ డబ్బాయే అర్జీ అని అందులో స్పష్టంగా ఉంది. ఎవరి అర్జీ అన్నది లేదు.

పెంటవ్వకు వెంటనే అర్థమైంది. "బెల్లం రుచి తగిలింది సాబ్‌లకు. నోరు దెరిసి అడగనీకి సిగ్గు. గందుకే డబ్బ పంపిండ్రు" అన్నది. పెద్దవాళ్ళు అడిగారు, మా ఊరి పరువు మాట. ఇంటింటికీ తిరిగి అయిదు శేర్లు పోగుచేసి డబ్బా నింపి, ఇవ్వాళటి సాయంత్రం బస్సుకే వేశాం. సేటు గారింట్లో పెండ్లి ఏదైనా ఉంటే ముందుగా తెలపండి, గానుగ దగ్గర చెప్పి ఉంచుతాను.

దారం రెండో డబ్బా విప్పాం. ఎనిమిది రోజులకు మించి రాదు.

మీ
అయ్యూబ్

తా.క. ఈ ఉత్తరం టపా డబ్బాలో వేయడం ఆలస్యమైంది, ఇవ్వాళ పంతొమ్మిదో తేదీ. మీ పదిహేనో తేదీ ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. చదివాను. అయితే నిన్న డబ్బా మళ్ళీ ఖాళీగా వచ్చింది, మళ్ళీ అయిదు శేర్లు వేసి పంపాం. మీ బస్సు టపా కంటే ముందు నడుస్తోంది సాబ్, అందులో నా తప్పు లేదు.

*

నిజామాబాద్,
24 నవంబరు 1965

అయ్యూబ్ గారికి,

బొంబాయిలో నాకు నేర్పిన పద్ధతి ఈ జిల్లాలో ఒక్కచోటే పొల్లుపోకుండా నడుస్తోంది. అది మీ ఊరి నుంచి మా గోదాముకు బెల్లం. అడగకుండా వస్తుంది, అయిపోయిన మర్నాడే వస్తుంది, ఎంత కావాలో అంతే వస్తుంది. దారం మాత్రం కదలడం లేదు.

సేటు గారు ప్రతి శనివారం రిజిస్టరు చూస్తారు. మీ పేజీలో ఇట్లా ఉంది: తీసుకున్న దారం, ఏమీ లేదు. పంపిన బెల్లం, పదిన్నర శేర్లు. "ఇది బీడీల శాఖనా, గానుగనా?" అని ఆయన అడిగారు.

ఇది నవ్వులాట కాదని మీరు గ్రహించాలి. ఆయన మూడు నెలల మాట మరిచేవారు కాదు. జనవరి ముప్పై ఒకటి వరకు మీ డబ్బా ఒక్కసారైనా ఖాళీగా వచ్చి, నిండి, తిరిగి రావాలి. బెల్లం వద్దు, పసుపు వద్దు, ఏదీ వద్దు. రెండు డబ్బాలూ కడిగి, ఆరబెట్టి, మీ చేతులతో మీరే బస్సు మీద వేయండి.

ఇట్లు,
రాజేశ్వర్

తా.క. గోదాములో చాయ్‌కి చక్కెర కొనడం మానేశాం. దీని అర్థం మీరు చేసింది సరైనదని కాదు.

*

చింతకుంట,
4 డిసెంబరు 1965

రాజేశ్వర్ సాబ్‌కు అయ్యూబ్ సలాములు. ఇక్కడ అందరం క్షేమమే, దారం ఒక్కటే లేదు.

మీరు చెప్పినట్టే చేశాను. రెండు డబ్బాలూ బూడిదతో తోమి, ఎండబెట్టి, ఖాసింబీ వంటింట్లో ఉన్నప్పుడు చూసి బయటపడ్డాను. మొదటిది నా భుజం మీదే మోసుకుని పొద్దుటి బస్సుకు పోయాను. కండక్టరు మూత ఎత్తి చూసి, చేయి పట్టి ఆపాడు. "పొద్దుగాల్నే ఖాళీ డబ్బ బండెక్కియ్యకు సాబ్. బోణీ ఖరాబైతది" అన్నాడు. నేను మీ నియమం నాలుగు గురించి చెప్పాను. ఆయన తన జేబులోంచి ఒక వక్క తీసి డబ్బాలో పడేసి, "ఇగ ఎక్కియ్యి" అన్నాడు. బస్సు కదిలింది. నేను కొంతదూరం దాని వెంట ఉరికాను కూడా, యాభై ఆరేళ్ళ వయసులో.

రెండో డబ్బాను సాయంత్రం బస్సుకు తెచ్చాను. సాయంత్రం బోణీ గొడవ లేదు. అయితే అక్కడ పెంటవ్వ నిలబడి ఉంది. నేను చూస్తుండగానే మూడు బియ్యపు గింజలు వేసి మూత బిగించింది. నాకు కోపం వచ్చి నలుగురిలో గట్టిగానే అరిచాను. ఆమె అరవలేదు. ఇట్లా అన్నది:

"పోయిన కంపెనోళ్ళు గిట్లనే ఖాళీ గంపలు బండికెత్తుకపోయిండ్రు సాబ్. ఎల్లుండి నింపుకొస్తమన్నరు. పదేండ్లాయె. గా ఎల్లుండి ఇంక రాలె. ఖాళీది నా చేతులతోని ఊరు దాటియ్య."

మీరు కొత్తవారు, మీకు తెలియదు. మూడు పిట్టల కంటే ముందు ఇక్కడ బీడీలు చుట్టించిన ఆ కంపెనీ వెళ్ళిపోయిన ఏడాది ఈ ఆడవాళ్ళంతా చెరుకు కొట్టడానికి పోయారు. పెంటవ్వకు అలవాటు లేని కత్తి, ఎడమ చేతి రెండు వేళ్ళు పోయాయి. ఇప్పుడు ఎనిమిది వేళ్ళతో రోజుకు వెయ్యి బీడీలు చుడుతుంది, ఒక్కటి కూడా వదులు కాదు. ఆమెకు నేను ఏం చెప్పను? మీరైతే ఏం చెప్పేవారు?

మూడు గింజలు సాబ్. చూసీ చూడనట్టు పోనివ్వండి.

మీ
అయ్యూబ్

తా.క. నియమాలు మొత్తం మళ్ళీ చదివాను. వక్క గురించి ఎక్కడా లేదు.

*

నిజామాబాద్,
20 డిసెంబరు 1965

అయ్యూబ్ గారికి నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెంటవ్వ గారి సంగతి చదివి నాకు బాధ కలిగింది, మాటవరసకు అనడం లేదు. ఆ తరువాత రెండో డబ్బా తెరిచాను. మూడు గింజలనుకున్నాను గాని రెండే కనిపించాయి. మూడోది మూత అంచులో ఇరుక్కుంది, పుల్లతో తీశాను. వక్క ఉన్న డబ్బాతో పాటు దీన్నీ తిప్పి పంపాను.

నన్ను రాతిమనిషి అనుకోకండి. ఒక శాఖకు మూడు గింజలు ఒప్పుకుంటే రేపు ఇంకొకరు ముప్పై గింజలు అంటారు. అక్కడి నుంచి దారం ఎంత మిగిలి ఉంటే ఖాళీ అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు మళ్ళీ వందకు యాభై ఆటే.

ఇప్పుడు అంతకంటే పెద్ద చిక్కు వచ్చింది. నెల రోజులుగా మీరు ఒక్క ఉండ దారం తీసుకోలేదు. అయినా మీ ఊరి నుంచి బీడీలు రోజూ వస్తూనే ఉన్నాయి, ముప్పై ఎనిమిది వేలకు ఒక్క కట్ట తగ్గలేదు. దారం మన పచ్చది కాదు. ఎరుపు ఉంది, నీలం ఉంది, నలుపు ఉంది. మొన్న ఒక కట్ట బీడీలు జరీ పోగుతో కట్టి ఉన్నాయి. సేటు గారు దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, "ఎక్కడిదీ దారం?" అన్నారు.

బయట కొన్నారంటే నియమం ఆరు తప్పినట్టు. పాత రోజుల్లో వంద అడిగి దాచింది తీస్తున్నారంటే అది ఇంకా పెద్ద తప్పు. ఏది నిజమైనా శాఖను కాపాడడం నా చేతిలో ఉండదు. నిజం రాయండి.

ఇట్లు,
రాజేశ్వర్

తా.క. నిన్న నర్సన్న తనంతట తనే వచ్చి ఒకటి ఒప్పుకున్నాడు. పన్నెండు శాఖల్లో ఏ డబ్బా కూడా ఖాళీగా రావడం లేదట. ఏర్గట్ల నుంచి పసుపు కొమ్ములు, బాల్కొండ నుంచి మిరపకాయలు, నవీపేట్ నుంచి పెసలు. నేను రాకముందే వాటిని తీసి ఇంటికి మోస్తున్నాడు. మీ బెల్లం మాత్రం చీమలు పట్టి దొరికిపోయింది. అప్పటి నుంచి మీ డబ్బాలు నేనే తెరుస్తున్నాను, అదీ మీ దురదృష్టం.

*

చింతకుంట,
27 డిసెంబరు 1965

రాజేశ్వర్ సాబ్‌కు అయ్యూబ్ రాస్తున్నది.

ఈసారి సలాములు చివర్లో చెప్తాను, ముందు కోపం చెప్పనివ్వండి.

దారం ఎక్కడిదని అడిగారు. ఎరుపు దారం హన్మవ్వ పెండ్లి చీర అంచుది. నీలం, రాధాబాయి వాళ్ళ అమ్మ దెగ్లూర్ నుంచి తెచ్చిన తొమ్మిది గజాల చీరది. నలుపు, మా ఖాసింబీ పాత బురఖాది. జరీ పోగు నా కూతురు అజీజా ఓణీది, నాకు తెలియకుండా ఇచ్చింది. అన్నాలు తిన్నాక అందరూ కూర్చుని అంచు విప్పి, పోగుకు పోగు ముడివేసి ఉండలు చుడతారు. ఒక అంచు రెండు రోజులు వస్తుంది. కొన్నదీ లేదు, దాచిందీ లేదు.

ఎందుకు చేశారని మీరు అడగలేదు, అయినా చెప్తాను. దారం లేదని చేతులు ముడుచుకుంటే పని జరగడం లేదని మీరే రాసుకుంటారు. అందుకని పని ఆగనివ్వలేదు. నేను వద్దన్నాను. హన్మవ్వ ఏమన్నదో తెలుసా? "అంచు లేకున్నా చీర చీరే సాబ్. పని లేకుంటె మేమేంది?"

ఇరవై రెండేళ్ళలో నా శాఖ మీద ఎవరూ దొంగతనం మోపలేదు. మీ ఉత్తరం ఆడవాళ్ళకు చదివి వినిపించే ధైర్యం నాకు లేక, మేనేజరు సాబ్ బీడీలు బాగున్నాయని రాశాడని అబద్ధం చెప్పాను. దానికి వాళ్ళు సంతోషించారు. అది చూసి నాకు ఇంకా బాధైంది.

ఇప్పుడు సలాములు.

అయ్యూబ్

తా.క. పిల్లలు వాళ్ళ పతంగుల మాంజా తెచ్చి ఇచ్చారు. గాజుపొడి రాసిన దారం, తాగేవాడి పెదవి తెగుతుందని తిప్పి పంపాను. మూడు పిట్టల పేరు మీద నాకు ఇంకా అంత శ్రద్ధ ఉంది.

*

నిజామాబాద్,
22 జనవరి 1966

గౌరవనీయులైన అయ్యూబ్ సాబ్ గారికి,

ముందుగా నా తప్పు ఒప్పుకుంటున్నాను. మీ మీద అనుమానపడి రాసిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను.

మీ ఉత్తరం పట్టుకుని నేరుగా సేటు గారి దగ్గరికి పోయాను. చదివి వినిపిస్తే ఆయన మనసు కరుగుతుందని అనుకున్నాను. ఆయన చివరిదాకా విన్నారు, లేచి వచ్చి నా భుజం తట్టారు. "దారం ఖర్చు సున్నా, బీడీలు ఎప్పటంతే. రాజేశ్వర్, నీ పద్ధతి ఇంత బాగా పనిచేస్తుందని నేననుకోలేదు" అన్నారు. ఫిబ్రవరి ఒకటి నుంచి పన్నెండు శాఖలకూ దారం బంద్. నా జీతం పెంచారు.

ఇంకొకటి జరిగింది. ధర్మాబాద్‌లో మన బీడీలు టోకున తీసుకునే రాజనర్సు గారు పచ్చ దారం కట్టలను తిప్పి పంపారు. ఆయన గిరాకీలు రంగు దారం బీడీలే కావాలంటున్నారట. ఎరుపు ముడి ఉంటే అదృష్టమని కొందరు, నీలం అయితే ఘాటు ఎక్కువని కొందరు. లోపలి తంబాకు ఒక్కటేనని చెప్పినా వినడం లేదట. ఆయన రెట్టింపు సరుకు అడుగుతున్నారు. కనుక మీ శాఖను మూయడం లేదు, పని రెట్టింపు చేస్తున్నారు.

ఈ ఉత్తరంతో ఒక ఫారం జత చేశాను. సేటు గారు దగ్గర కూర్చుని రాయించారు. 'ప్రారంభ నిల్వ' అన్నచోట శాఖలోని ఇళ్ళలో ఉన్న చీరలు ఎన్నో రాయాలి. 'పనికి రానివి' అన్నచోట అంచు పోయినవి. 'అత్యవసర నిల్వ' అన్నచోట ఎవరైనా కట్టుకోకుండా దాచుకున్నవి ఉంటే అవి. ఫారం అందిన తరువాతే ధర్మాబాద్ వారికి ఎంత సరుకు ఇవ్వగలమో చెప్తారట. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది సాబ్. మా అమ్మకు చూపించలేదు.

మీ
రాజేశ్వర్

తా.క. నాలుగో నియమం మార్చాను. ఇకపై పిడికెడు లోపు ఏది ఉన్నా ఆ డబ్బా ఖాళీ కిందే లెక్క. ఆ మార్పు మీద సంతకం చేసిన మధ్యాహ్నమే దారం బంద్ ఉత్తర్వు వచ్చింది. కనుక నియమం ఇప్పుడు చాలా బాగుంది, వాడకమే లేదు.

*

రంగుదారం బీడీ కార్మికుల సహకార సంఘం,
చింతకుంట, బోధన్ తాలూకా
21 ఫిబ్రవరి 1966

రాజేశ్వర్ సాబ్‌కు అయ్యూబ్ సలాములు, ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళ దండాలు.

పైన పేరు చూసి మీరు ఆగి ఉంటారు. మూడు వారాలుగా మీకు మా బీడీలు ఎందుకు రావడం లేదో మొదటి నుంచి చెప్తాను.

మీ ఫారం చదివి వినిపించాను, ఈసారి ఏదీ మార్చలేదు. మొదట అందరూ నవ్వారు. రాధాబాయి ఇంట్లో ఉన్నవి లెక్కబెట్టింది: కట్టుకున్నది ఒకటి, ఆరేసింది ఒకటి. అందులో అంచు ఉన్నది ఏదీ లేదు. అప్పుడు నవ్వు ఆగింది. హన్మవ్వ మాత్రం కండ్లు తుడుచుకుంటూ లేచిపోయింది. పని కోసం ఇష్టంగా ఇచ్చింది, లెక్క రాసి అడిగితే వేరే అయిపోయింది. ఆ ఫారం ఎవరూ నింపలేదు.

ధర్మాబాద్ రాజనర్సు గారు పది రోజులు చూశారట. ఎప్పుడడిగినా మీ ఆఫీసు వాళ్ళు ఫారం రావాలి, ఫారం రావాలి అన్నారట. ఆయన గిరాకీలు ఆగలేదు. ఒకనాడు మధ్యాహ్నం బస్సు దిగి, ఎరుపు ముడి బీడీ కట్ట ఒకటి చేత్తో పట్టుకుని, ఇది కట్టినవాళ్ళు ఎవరని ఇల్లిల్లూ అడుగుతూ వచ్చారు. పెంటవ్వ బయటికి వచ్చింది. ఆయన ఆమె చేతి వేళ్ళు చూశారు, కట్ట చూశారు, అరుగు మీద కూర్చున్నారు. సాయంత్రానికి మాట కుదిరింది. ఆకూ తంబాకూ ఆయన ఇప్పిస్తారు, సరుకంతా ఆయనే తీసుకుంటారు. పని మాత్రం ఎవరి కిందా కాదు. బోధన్ సహకార ఆఫీసులో కాగితాలు ఇచ్చాం. ముప్పై ఎనిమిది వేలిముద్రలు పడ్డాయి. పెంటవ్వ అధ్యక్షురాలు, నేను గుమస్తాను.

మూడు పిట్టల చింతకుంట శాఖ జనవరి ముప్పై ఒకటినే మూతబడింది సాబ్. మూసింది మేము.

ఇక అసలు పని. మా చీరలు మాకు కావాలి, మాకిప్పుడు దారం కొనే హక్కుంది. పచ్చ కట్టలు ఎవరూ ముట్టడం లేదు, మీ శాఖలకు దారం బంద్ అయింది. అంటే మీ గోదాములో ఎలుకలు వదిలేసిన దారమంతా పడి ఉండాలి. దానిని మొత్తంగా మేమే కొంటాం. బోధన్‌లో రంగ్రేజుతో మాట్లాడాను, ఎరుపూ నీలమూ వేస్తానన్నాడు. పచ్చ మీద ఎరుపు వేస్తే ఏ రంగు వస్తుందో ఆయనకూ తెలియదు. ఏది వచ్చినా అది అదృష్టమనుకునేవాళ్ళు ధర్మాబాద్‌లో ఉన్నారని రాజనర్సు గారి హామీ.

గిరాకీ ఎటు లాగితే సరుకు అటు కదలాలని మీరు రాసిన మాట మా అందరికీ నచ్చింది. ఎంత దారం ఉందో, ఏ రోజు పంపుతారో సేటు గారితో మాట్లాడి తెలపండి. మేము ఇప్పుడు మీకు గిరాకీదారులం, కొంచెం తొందరగా జవాబు రాయమనండి.

మీ
అయ్యూబ్

తా.క. సంఘానికి గోదాము చూసుకునే మనిషి కావాలి. మీ పేరు పెంటవ్వే చెప్పింది. నేను ఆశ్చర్యపడితే ఇట్లా అన్నది: "అంత పెద్ద డబ్బల మూడు బియ్యపు గింజలు దేవులాడి వట్టిండు సూడు, గసొంటోడు మన సరుకు కాడ కూసుంటె ఎవ్వడన్న ఏమన్న ఎత్తుకపోతడా?" జీతం అక్కడికంటే తక్కువ. వచ్చేటట్టయితే సోమవారం బస్సుకు రండి, మీ అమ్మ గారిని కూడా తీసుకురండి.